చవక డైనమో హబ్బు, ఓపికగా అల్లిన చక్రం

సైకిలు ముందు చక్రం నడుమ ఇమిడిపోయి, చక్రం తిరుగుతుంటే దీపానికి విద్యుత్తు అందించే డైనమో హబ్బు కొనాలనుకునేవారిని మొదట ఆలోచనలో పడేసేది ధర. పేరుమోసిన హబ్బుకూ, చవకగా దొరికే హబ్బుకూ మధ్య ధర కొన్ని రెట్లు తేడాగా ఉంటుంది కనుక వెలుగులోనూ అంత తేడా ఉంటుందని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. ఎందుకు కాదో తెలుసుకోవాలంటే హబ్బు లోపల ఏం జరుగుతుందో చూడాలి.

ఇరుసుకు బిగించిన తీగచుట్ట కదలకుండా ఉంటుంది. దాని చుట్టూ, హబ్బు గుల్లకు లోపలివైపు అమర్చిన అయస్కాంతాలు చక్రంతో పాటు తిరుగుతాయి. ఇప్పటి హబ్బుల్లో సాధారణంగా 26 లేదా 28 అయస్కాంత ధ్రువాలు ఉంటాయి కాబట్టి చక్రం ఒక్కసారి తిరిగితే విద్యుత్తు దిశ 13 లేదా 14 ఆవృత్తాలు పూర్తిచేస్తుంది. 28 అంగుళాల చక్రం చుట్టుకొలత సుమారు 2.15 మీటర్లు, గంటకు 15 కిలోమీటర్ల వేగంతో వెళ్తే అది సెకనుకు రెండు చుట్లకు కాస్త తక్కువగా తిరుగుతుంది. అంటే 28 ధ్రువాల హబ్బులో పుట్టే ఏకాంతర విద్యుత్తు పౌనఃపున్యం 27 హెర్ట్జ్ దాకా ఉంటుంది. వేగం పెరిగేకొద్దీ తీగచుట్టలో పుట్టే వోల్టేజి పెరుగుతుంది. కానీ తీగచుట్ట స్వయం ప్రేరకత్వం వల్ల, అంటే తనలో ప్రవాహం మారడాన్ని తానే ఎదిరించే గుణం వల్ల, ప్రవాహానికి ఎదురయ్యే అడ్డు కూడా పౌనఃపున్యంతో పాటే పెరుగుతుంది. రెండూ ఒకే నిష్పత్తిలో పెరగడంతో ప్రవాహం అర ఆంపియరు దగ్గర దాదాపుగా స్థిరపడుతుంది. ఏ ఎలక్ట్రానిక్ నియంత్రణా లేకుండా, కేవలం ఇనుమూ రాగీ కలిసి చేసే ఈ పని నాకు ఎప్పటికీ అద్భుతంగానే తోస్తుంది.

6 వోల్టులు, 3 వాట్లు అన్న కొలత ఇలా స్థిరపడింది. ఖరీదైనదైనా చవకదైనా, ఈ కొలతకు తయారైన హబ్బు దీపానికి అందించే ప్రవాహం ఇంచుమించు ఒకటే. దారి మీద పడే వెలుగును ప్రధానంగా నిర్ణయించేవి దీపంలోని ఎల్‌ఈడీ, దాని వెనుక అద్దం. కనుక హబ్బు మీద మిగిలిన డబ్బును మంచి దీపానికి ఖర్చు చేయడం తెలివైన పని అని నా అభిప్రాయం.

మరి ఎక్కువ ధర పెడితే వచ్చేదేమిటి? కొంత తక్కువ బరువు, మెరుగైన బేరింగులు, నీరు చొరబడని సీళ్లు, కాస్త ఎక్కువ సామర్థ్యం. ఈ చివరిదాన్ని లెక్క వేసి చూద్దాం. 3 వాట్ల విద్యుత్తు ఇవ్వడానికి 60 శాతం సామర్థ్యం ఉన్న హబ్బు తొక్కేవారి నుంచి 5 వాట్లు తీసుకుంటుంది, 50 శాతం ఉన్నది 6 వాట్లు తీసుకుంటుంది. నింపాదిగా తొక్కే మనిషి ఇచ్చే శక్తి 100 వాట్లు అనుకుంటే తేడా అందులో నూరో వంతు. రోజూ పనికి వెళ్లివచ్చేవారికి అది తెలియనే తెలియదు. ఇక హబ్బును చేత్తో పట్టుకుని ఇరుసు తిప్పితే అది గంటులు గంటులుగా ఆగుతూ తిరుగుతుంది, కొత్తవారు దాన్ని చూసి కంగారుపడతారు. అయస్కాంత ధ్రువం తీగచుట్ట చుట్టూ ఉండే ఇనుప పంజాను దాటేటప్పుడు వెనక్కు లాగిన శక్తిలో ఎక్కువ భాగం మరుక్షణమే ముందుకు తోయడంలో తిరిగి వస్తుంది కాబట్టి చేతికి తెలిసే ఆ లాగుడు దారి మీద పడే భారానికి కొలమానం కాదు.

ఎంచుకునేటప్పుడు ధర కన్నా ముందు చూడవలసినవి నాలుగు: బ్రేకు ఏ రకం, ఫోర్కు చివరల మధ్య వెడల్పు ఎంత, ఇరుసును పట్టి ఉంచేది నట్టా, లీవరుతో బిగించే క్విక్ రిలీజా, ఫోర్కు గుండా దూర్చి బిగించే త్రూ యాక్సిలా, రిమ్ములో రంధ్రాలు ఎన్ని. వీటిలో ఏ ఒక్కటి కుదరకపోయినా చవకగా దొరికిన హబ్బు వృథాయే. చక్రం పరిమాణమూ ముఖ్యమే. చిన్న చక్రం అదే వేగానికి ఎక్కువ చుట్లు తిరుగుతుంది గనుక దానికోసం చేసిన తేలిక హబ్బును పెద్ద చక్రంలో పెడితే నెమ్మదిగా వెళ్లేటప్పుడు దీపం మిణుకుమిణుకుమంటుంది.

బేరింగుల సంగతి మరికొంత వివరంగా చెప్పాలి. జపాను కంపెనీ షిమనో చేసే చవక హబ్బుల్లో సాధారణంగా కప్పు, కోను, వాటి మధ్య విడి గోళీలు ఉంటాయి. ఓపిక ఉన్నవారు వాటిని విప్పి గ్రీజు మార్చుకోవచ్చు. అయితే తీగ బయటికి వచ్చే వైపు నుంచి విప్పితే లోపలి సన్నని తీగ మెలితిరిగి తెగిపోతుంది, రెండో వైపు నుంచే పని మొదలుపెట్టాలి. సీలు చేసిన కార్ట్రిడ్జి బేరింగులున్న కొన్ని హబ్బులు తేలికగా ఉంటాయి గానీ వాటిని ఇంట్లో విప్పడానికి వీలుండదు. ఏళ్ల తరబడి వాడదలచినవారికి విప్పగలిగేదే మేలని నేననుకుంటాను.

ఇక చక్రం అల్లడం. పాత హబ్బు ఊచలనే వాడేద్దామన్న ఆశ దాదాపు ఎప్పుడూ ఫలించదు. డైనమో హబ్బు లోపల అయస్కాంతాలకు చోటు కావాలి కాబట్టి ఊచల రంధ్రాలుండే దాని అంచులు పెద్దవి. ఊచల కొలతకు వాడే రిమ్ము లోపలి వ్యాసం 602 మిల్లీమీటర్లు, ఊచలు 32, ప్రతి ఊచా దారిలో మరో మూడు ఊచలను దాటేలా అల్లిక, హబ్బు నడిమి నుంచి అంచుకు దూరం 30 మిల్లీమీటర్లు అనుకుందాం. రంధ్రాల వలయం వ్యాసం 40 మిల్లీమీటర్లున్న మామూలు హబ్బుకు 294 మిల్లీమీటర్ల ఊచ కావాలి, 80 మిల్లీమీటర్లున్న డైనమో హబ్బుకు 288 చాలు. ఆరు మిల్లీమీటర్లు పొడవైన ఊచ, దాన్ని రిమ్ముకు బిగించే చిన్న నట్టు అయిన నిప్పిల్ దాటి బయటికి పొడుచుకువస్తుంది. అందుకే హబ్బునూ రిమ్మునూ స్వయంగా కొలిచాకే ఊచలు కొనాలి. 20 అంగుళాల రిమ్ముకు మూడు దాటే అల్లిక వేస్తే ఊచలు రిమ్మును చాలా ఏటవాలుగా చేరి నిప్పిల్ దగ్గర వంగుతాయి, అక్కడ ఒకటి లేదా రెండు దాటే అల్లికే సరైనది.

డైనమో లాగుడుకు ఊచలు తట్టుకుంటాయా అని కొందరు అడుగుతారు. 15 కిలోమీటర్ల వేగంలో 5 వాట్లు తీసుకునే హబ్బు కలిగించే మెలి బలం 0.4 న్యూటన్ మీటర్లు మాత్రమే. డిస్కు బ్రేకు గట్టిగా పట్టినప్పుడు అది 100 న్యూటన్ మీటర్లు దాటగలదు. ఊచలు ఒకదాన్నొకటి దాటే అల్లిక అవసరమయ్యేది ఆ బ్రేకు కోసం.

బరువు మోసేటప్పుడు చక్రం కింది ఊచలు తమ బిగువులో కొంత కోల్పోతాయి. ముందే చాలినంత బిగువు లేకపోతే అవి ప్రతి చుట్టులో వదులై మళ్లీ బిగుస్తాయి. కిలోమీటరుకు సుమారు 465 చుట్లు, వెయ్యి కిలోమీటర్లకు నాలుగున్నర లక్షలకు పైగా. హబ్బు అంచు దగ్గర వంపులో ఊచ విరిగేది ఈ అలసట వల్లనే. కాబట్టి రిమ్ము తయారీదారు చెప్పిన గరిష్ఠానికి, సాధారణంగా 1000 నుంచి 1200 న్యూటన్లకు, దగ్గరగా బిగించాలి. అంతకన్నా ముఖ్యంగా ఒకే వైపు ఊచలన్నీ సమంగా బిగియాలి. నిప్పిళ్లన్నీ మొదట ఒకే మరలోతుకు తెచ్చి, తర్వాత చుట్టుకు అర మెలిక చొప్పున బిగించి, ఎత్తుపల్లాలు సరిచేశాక పక్కలకు బెండు తీయాలి. వేలితో మీటితే ఒకే స్వరం పలికే ఊచలు సమంగా బిగిసినట్టు. చివర జంట ఊచలను చేత్తో గట్టిగా పిండితే వంపులు అంచుకు ఒదిగి కూర్చుంటాయి. ఆ తర్వాత మళ్లీ బెండు చూడక తప్పదు. ఈ చివరి పనికి పట్టే సమయమే అల్లిక మొత్తానికి పట్టేంత ఉంటుంది, దాన్ని తగ్గించుకోకూడదు.

చక్రాన్ని ఫోర్కులో పెట్టేటప్పుడు తయారీదారు చెప్పిన వైపుకే కనెక్టరు ఉండాలి, షిమనో హబ్బులకైతే అది కుడివైపు. ఇరుసు వదులుగా ఉంటే తీగచుట్టతో పాటు అదీ తిరగజూస్తుంది. విద్యుత్తు ఏకాంతరమైనదే అయినా కొన్ని హబ్బుల్లో ఒక కొన ఇరుసుకు కలిసి ఉంటుంది. దీపంలోనూ ఒక కొన ఫ్రేముకు తగులుతూ ఉంటే, తీగలు తారుమారు చేసినప్పుడు హబ్బు షార్టయి దీపం వెలగదు. తొలి వంద కిలోమీటర్ల తర్వాత ఊచల బిగువు ఒకసారి చూడాలి. పంక్చరు వేయడానికి చక్రం తీసిన ప్రతిసారీ ముందుగా కనెక్టరు ఊడదీయాలి. మరచిపోయి చక్రాన్ని లాగితే మొదట తెగేది ఆ సన్నని తీగే.