వరద మర్నాడే వచ్చే మెయిలు: అపోహలు – వాస్తవాలు

2024 సెప్టెంబరు 1, ఆదివారం. బుడమేరు విజయవాడ మీద పడింది. ఖమ్మంలో మున్నేరు ఇళ్లలోకి వచ్చింది. మర్నాడు పొద్దున్నే మా టీమ్‌లోని విజయవాడ సింగ్‌నగర్ కుర్రాడు ల్యాప్‌టాప్ పట్టుకుని నా సీటు దగ్గరికి వచ్చాడు. "అన్నా, సీఎం రిలీఫ్ ఫండ్ నుంచి మెయిలొచ్చింది. ఐదు వేలు కొడుతున్నా. నువ్వు కూడా వేస్తావా?" అన్నాడు. వాళ్ల అమ్మానాన్నలు మేడ మీద చిక్కుకుని ఉన్నారు, ఫోన్లు కలవడం లేదు. ఇంత దూరంలో కూర్చుని ఏమీ చేయలేకపోతున్న మనిషికి ఏదో ఒకటి చేసేయాలనిపిస్తుంది కదా. ఆ మెయిలు సరిగ్గా ఆ క్షణం కోసమే తయారైంది.

నేను హైదరాబాద్‌లో ఒక కంపెనీకి మెయిల్ సర్వర్లు చూసుకుంటాను. అనుమానం వచ్చిన మెయిళ్లను ఉద్యోగులు ఒక ఇన్‌బాక్సుకు పంపుతారు, దాన్ని తెరిచేది నేనే. తుపానో భూకంపమో వచ్చిన వారం అది నిండిపోతుంది. శవాల మీద పేలాలు ఏరుకోవడమంటే ఏమిటో అక్కడ చూస్తుంటాను. వాటితోపాటు, దొంగ మెయిలును ఎలా పసిగట్టాలో తమకు తెలుసనుకునేవాళ్ల నమ్మకాలు కూడా వింటుంటాను. వాటిలో చాలావరకు కాలం చెల్లినవే.

అపోహ: దొంగ మెయిలైతే భాషలో తప్పులుంటాయి, చూడగానే తెలిసిపోతుంది.

పదేళ్ల కిందటి మాట. ఇప్పుడు ఏఐ చేత రాయిస్తే తెలుగులో కూడా తప్పు లేకుండా వస్తుంది. నిజం చెప్పాలంటే అసలు సర్కారీ ప్రకటనల్లోనే అచ్చుతప్పులు ఎక్కువ. సింగ్‌నగర్ కుర్రాడికి వచ్చిన మెయిల్లో ఒక్క అక్షరం కూడా తేడాగా లేదు. రాజముద్ర ఉంది, మేడ మీద నిలబడి చేతులూపుతున్న జనం ఫోటో ఉంది, కింద క్యూఆర్ కోడ్ ఉంది.

ఫోటోల సంగతీ అంతే. 2023 ఫిబ్రవరి 6 నాటి తుర్కియే, సిరియా భూకంపం తర్వాత, ఒక ఫైర్‌మ్యాన్ శిథిలాల మధ్య పసిబిడ్డను హత్తుకున్న బొమ్మ పెట్టి క్రిప్టోలో విరాళాలు అడిగారు. జాగ్రత్తగా చూస్తే అతని చేతికి ఆరు వేళ్లున్నాయి. ఏఐ గీసిన బొమ్మ అది. ఇప్పుడు గీసే బొమ్మలకు వేళ్లు ఐదే ఉంటున్నాయి, కాబట్టి ఆ ఆనవాలు మీద కూడా ఆశ పెట్టుకోవద్దు.

అపోహ: పంపినవారి పేరు కనబడుతోంది కదా, అది అసలుదైతే చాలు.

ఇక్కడ కాస్త ఆగాలి, ఎక్కువమంది పడేది ఈ గోతిలోనే.

మెయిలు పైన లావు అక్షరాల్లో కనబడే పేరు పంపేవాడు తనకు తాను పెట్టుకున్నది. నేను కూడా నా పేరును "ముఖ్యమంత్రి సహాయ నిధి" అని మార్చుకుని మీకు మెయిలు పంపగలను, ఎవరూ ఆపరు. ఆ రోజు కుర్రాడి ల్యాప్‌టాప్ మీద ఆ పేరు పక్కనున్న చిన్న బాణం గుర్తు నొక్కాం. పేరు సహాయ నిధిది. అడ్రస్ మాత్రం పేరూ ఊరూ తెలియని ఒక డాట్ కామ్ డొమైన్‌ది (డొమైన్ అంటే మెయిల్ అడ్రస్‌లో @ తర్వాత ఉండే భాగం). దాని కింద "రిప్లై-టు" అని ఇంకో వరుస ఉంది, అందులో ఉచితంగా దొరికే ఒక జీమెయిల్ అడ్రస్. పంపేది ఒక చోటి నుంచి, జవాబు వెళ్లేది ఇంకో చోటికి. ప్రభుత్వ నిధి పేరుతో వచ్చి జవాబు జీమెయిల్‌కు వెళ్తోందంటే అనుమానించాల్సిందే.

కంప్యూటర్లో జీమెయిల్ తెరిచి, కుడివైపు మూడు చుక్కలు నొక్కి "షో ఒరిజినల్" అంటే హెడర్లు, అంటే మెయిలు ఎక్కడి నుంచి ఎలా వచ్చిందో చెప్పే వివరాలు, కనబడతాయి. ఎస్పీఎఫ్, డీకిమ్, డీమార్క్ అని మూడు పరీక్షలు, వాటి పక్కన "పాస్" అనో "ఫెయిల్" అనో ఉంటుంది. "పాస్ అయింది కదా" అని ఊపిరి పీల్చుకుంటారు కొందరు. ఆ పరీక్షలు చెప్పేది ఒక్కటే, ఈ మెయిలు నిజంగా ఆ డొమైన్ నుంచే వచ్చిందని. ఆ డొమైన్ ఎవరిదో, వాడు మంచివాడో కాదో వాటికి తెలియదు. దొంగ తన సొంత డొమైన్ కొనుక్కుని పద్ధతిగా సెట్ చేసుకుంటే మూడూ పాస్ అవుతాయి. ఫెయిల్ అయితే అనుమానించండి, పాస్ అయితే దాన్నే సాక్ష్యం చేసుకోకండి.

డొమైన్‌ను కుడి నుంచి ఎడమకు చదవాలి. అడ్రస్‌లో ఎక్కడో మధ్యలో "ఏపీ డాట్ గవ్ డాట్ ఇన్" అని ఉండి, ఆ వెంటనే ఇంకో చుక్క పెట్టి "రిలీఫ్-ఏదో డాట్ కామ్" అని ముగిస్తే అది డాట్ కామ్ వాడి సొత్తు. డాట్ గవ్ డాట్ ఇన్ ప్రభుత్వ సంస్థలకే ఇస్తారు. డాట్ ఆర్గ్ అలా కాదు, డబ్బు కట్టిన ఎవరికైనా ఇస్తారు. ఇది కూడా గీత గీసినట్టుండే సూత్రం కాదండోయ్. సైబర్ దాడుల గురించి దేశమంతటినీ హెచ్చరించే సెర్ట్-ఇన్ ప్రభుత్వ సంస్థే, దాని సైటు మాత్రం డాట్ ఆర్గ్ డాట్ ఇన్!

అపోహ: బ్రౌజర్‌లో సైటు అడ్రస్ పక్కన తాళం గుర్తు ఉంటే సైటు సురక్షితం.

కాదు. మీరు టైప్ చేసింది దారిలో ఎవరూ చదవలేరని మాత్రమే దాని అర్థం. చేరేది దొంగ చేతికే అయినా భద్రంగా చేరుతుంది. ఆ తాళం రావడానికి సైటుకు కావాల్సిన సర్టిఫికెట్ ఉచితంగా, నిమిషాల్లో వస్తుంది. జనం తప్పుగా అర్థం చేసుకుంటున్నారనే క్రోమ్ 2023లో ఆ తాళాన్ని తీసేసింది.

అపోహ: విపత్తు వచ్చాక దొంగలు సైట్లు పెట్టడానికి టైమ్ పడుతుంది, మొదటి రెండు రోజులు భయం లేదు.

మొదటి రెండు రోజులే వాళ్లకు కోత కాలం. 2005 ఆగస్టులో అమెరికాలో కత్రినా హరికేన్ వచ్చినప్పుడు ఆ పేరుతో వెబ్‌సైట్లు వేల సంఖ్యలో పుట్టుకొచ్చాయి, రెడ్‌క్రాస్ పేరుతో దొంగ మెయిళ్లు వెళ్లాయి. ఆ మోసాల కోసమే వాళ్ల న్యాయశాఖ ఒక టాస్క్‌ఫోర్స్ పెట్టాల్సి వచ్చింది, విపత్తు మోసాల మీద అది ఇప్పటికీ ఒక జాతీయ కేంద్రంగా పనిచేస్తోంది.

మన దగ్గర తుపాన్ల విషయంలో దొంగకు ఇంకో సదుపాయం ఉంది. బంగాళాఖాతం, అరేబియా సముద్రాల్లో పుట్టబోయే తుపాన్లకు 13 దేశాలు కలిసి 169 పేర్లు ఇచ్చాయి. 2020లోనే ఆ జాబితా బయటకు వచ్చింది. 2023 డిసెంబరులో బాపట్ల దగ్గర తీరం దాటిన మిచాంగ్, 2025 అక్టోబరులో వచ్చిన మొంథా, రెండు పేర్లూ అందులోవే. అంటే గాలి మొదలవకముందే ఆ పేరుతో డొమైన్ కొని పెట్టుకోవచ్చు. "డొమైన్ నిన్న పుట్టిందా అని చూస్తే చాలు" అని మా వాళ్లే సలహాలిస్తుంటారు. నిన్న పుట్టినదైతే దొంగదే అయ్యుండొచ్చు, పాతదైతే అసలుదని మాత్రం చెప్పలేం.

అపోహ: క్యూఆర్, యూపీఐ అయితే బ్యాంకు చూసుకుంటుంది. తప్పుడు ఐడీలకు డబ్బు పోదు.

2020 మార్చిలో పీఎం కేర్స్ నిధి పెట్టారు. దాని యూపీఐ ఐడీ "పీఎంకేర్స్ ఎట్ ఎస్‌బీఐ". ప్రకటించిన ఒకటి రెండు రోజుల్లోనే "పీఎంకేర్ ఎట్ ఎస్‌బీఐ" అని ఇంకొకటి చక్కర్లు కొట్టింది. తేడా ఒక్క "ఎస్" అక్షరం. ఢిల్లీ పోలీసులు చెబితే దాన్ని బ్లాక్ చేశారు. ఇతర బ్యాంకుల పేర్లు తగిలించుకుని అలాంటివే మరికొన్ని వచ్చాయి. కోవిడ్ కాలంలో అందరూ ఇళ్లలో ఉండి, ఫోన్లోనే దానం చేస్తున్న రోజులవి.

పిన్ కొట్టే ముందు తెర మీద వచ్చే పేరును చదవండి. సహాయ నిధి అని చెప్పి అక్కడ ఎవరో మనిషి పేరో కిరాణా షాపు పేరో వస్తే ఆగిపోవాలి. మేం ఆ రోజు మెయిల్లోని క్యూఆర్‌ను స్కాన్ చేసి చూశాం. వచ్చింది ఒక వ్యక్తి పేరు. కుర్రాడు ల్యాప్‌టాప్ మూసేసి ఏమీ మాట్లాడకుండా వెళ్లి కాఫీ తెచ్చుకున్నాడు.

అపోహ: వంద రూపాయలే కదా, పోతే పోయింది.

యూపీఐలో అయితే నిజంగా వందే పోతుంది. కార్డు నంబరు, గడువు తేదీ, సీవీవీ ఇచ్చి వంద కట్టారా, మీరు ఇచ్చింది వంద కాదు, కార్డే. విదేశీ సైట్లలో చాలావాటికి ఓటీపీ అక్కర్లేదు. ఇంకోటి, కొట్టేసిన కార్డులు పనిచేస్తున్నాయో లేదో చూడటానికి దొంగలు అసలు సేవాసంస్థల విరాళాల పేజీల్లోనే చిన్న చిన్న మొత్తాలు కట్టి చూస్తుంటారు.

అపోహ: పన్ను మినహాయింపు కోసం 80జీ సర్టిఫికెట్ వెంటనే పంపారు, కాబట్టి అసలు ట్రస్టే.

పీడీఎఫ్ ఎవడైనా చేస్తాడు. ట్రస్టుకు ఇచ్చిన విరాళానికి పన్ను మినహాయింపు రావాలంటే కావాల్సింది విరాళ ధ్రువపత్రం (2025-26 వరకు ఫారం 10బీఈ). ట్రస్టు తన విరాళాల వివరాలు ఆదాయపు పన్ను శాఖకు ఇచ్చాక పోర్టల్ నుంచి వస్తుంది అది, ఆర్థిక సంవత్సరం ముగిశాక మే 31 లోపు. ఐదు నిమిషాల్లో వచ్చేది మామూలు రసీదు.

విదేశాల్లో ఉన్న మనవాళ్లకు ఒక మాట. "మన ఊరి వరద బాధితుల కోసం" అని అమెరికాలో ఉన్నవాళ్లకు వచ్చే మెయిళ్లలో ఇక్కడి ఎవరిదో సేవింగ్స్ ఖాతా నంబరు ఉంటుంది. అమెరికా పౌరసత్వం తీసుకున్నవాళ్లు, ఓసీఐ కార్డున్నా సరే, ఇక్కడి సంస్థకు ఇచ్చేది విదేశీ విరాళమే. దాన్ని తీసుకునే సంస్థకు విదేశీ విరాళాల చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) కింద అనుమతి ఉండాలి, డబ్బు ముందుగా ఎస్‌బీఐ న్యూఢిల్లీ మెయిన్ బ్రాంచిలోని ఖాతాలోకే రావాలి. వేరే ఖాతా చూపించారంటే అది మోసమైనా కావాలి, చట్టం తెలియని మంచివాళ్లయినా కావాలి. రెండింటికీ పంపొద్దు. అమెరికాలో నమోదైన సంస్థ అని చెబితే, సేవాసంస్థలకిచ్చే 501(సి)(3) గుర్తింపు ఉందో లేదో అక్కడి పన్ను శాఖ ఐఆర్‌ఎస్ సైటులో పేరు కొట్టి చూసుకోవచ్చు.

అపోహ: డబ్బు పంపకుండా అటాచ్‌మెంట్ మాత్రం తెరిచి చూస్తే నష్టం లేదు.

2007 జనవరిలో యూరప్‌ను తుపాను కుదిపేసినప్పుడు "తుపానుకు 230 మంది బలి" అన్న సబ్జెక్టుతో మెయిళ్లు వెళ్లాయి. విరాళం కూడా అడగలేదు. అటాచ్‌మెంట్ తెరిస్తే చాలు, కంప్యూటర్ వాళ్ల చేతికి పోయింది. దానికి స్టార్మ్ వార్మ్ అన్న పేరు ఆ సబ్జెక్టు వల్లే వచ్చింది. "బాధితుల జాబితా", "వరద ఫోటోలు" అంటూ వచ్చే జిప్ ఫైళ్లను చూస్తే నాకు ఇప్పటికీ అదే గుర్తొస్తుంది.

అపోహ: తెలిసినవాళ్లు పంపారు కాబట్టి నమ్మొచ్చు.

ఫార్వర్డ్ చేసినవాళ్లు మంచివాళ్లే. వాళ్లు కూడా పరీక్షించలేదు, అంతే. ఒక్కోసారి వాళ్ల మెయిల్ ఖాతానే హ్యాక్ అయి ఉంటుంది. బాస్ పేరుతో "ఉద్యోగుల సహాయ నిధి, సాయంత్రంలోగా" అని వస్తే బాస్‌కు ఫోన్ చేయండి. తిట్టరు.

అపోహ: ఇన్ని మోసాలుంటే ఎవరికీ ఇవ్వకపోవడమే మేలు.

నాకు అన్నిటికంటే బాధ కలిగించే అపోహ ఇది. అపాత్రదానం భయంతో పాత్రులకు కూడా ఇవ్వకపోతే దొంగ రెండోసారి గెలిచినట్టు. మెయిలు అసలుదా నకిలీదా అని తేల్చే పని అసలు మీ నెత్తిన ఎందుకు? దాన్ని వార్తగా తీసుకోండి, దారిగా తీసుకోకండి. మెయిలు మూసేసి, సహాయ నిధి సైటు అడ్రస్ మీరే టైప్ చేసి వెళ్లండి. గూగుల్లో పైన వచ్చే ప్రకటన లింకు నొక్కొద్దు. మెయిలు అసలుదే అయినా మీ డబ్బు చేరాల్సిన చోటికే చేరుతుంది, నకిలీదైతే దానికి ఏమీ దక్కదు. ఆ కుర్రాడు ఐదు వేలూ ఆ సాయంత్రం అలాగే పంపాడు.

అపోహ: పంపేశాక బ్యాంకు వెనక్కి ఇచ్చేస్తుంది.

మీకు తెలియకుండా ఖాతాలోంచి పోయిన డబ్బు వేరు, మీరే పిన్ కొట్టి పంపింది వేరు. మొదటిదానికి ఉన్న భరోసా రెండోదానికి ఉంటుందనుకోవద్దు. ఆశ ఉన్నది వేగంలోనే. వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, లేదా జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టండి. డబ్బు ఇంకో ఖాతాకు మారకముందే ఆపగలిగితే ఆపుతారు. లావాదేవీ నంబరు, టైము, మొత్తం దగ్గర పెట్టుకోండి. ఆ తర్వాత "మీ డబ్బు తిరిగి ఇప్పిస్తాం, ముందు ఫీజు కట్టండి" అని ఇంకో మెయిలు వస్తుంది. అది కూడా వాళ్లదే.

సిగ్గుపడి ఆ మెయిలును డిలీట్ చేయకండి. మామూలుగా ఫార్వర్డ్ చేస్తే హెడర్లు పోతాయి. కంప్యూటర్లో మెయిల్ తెరిచి, మీ ఆఫీసులో మెయిళ్లు చూసుకునేవాళ్లకు "ఫార్వర్డ్ యాజ్ అటాచ్‌మెంట్" అని పంపండి. స్క్రీన్‌షాట్ తీసి పంపితే నాలాంటివాడికి దాంతో చేయగలిగేది పెద్దగా ఉండదు.