ఆవునిస్తే మూడో బిడ్డ పుడుతుందా? సిక్కోలు జనాభా లెక్కలో అపోహలు - వాస్తవాలు

నేను శ్రీకాకుళం జిల్లాలో ఆరోగ్య శాఖ సూపర్‌వైజర్‌ని. ఏఎన్ఎంగా, అంటే ఊళ్లు తిరిగే ప్రభుత్వ నర్సుగా మొదలుపెట్టి, ఇరవై ఏళ్లకు పైగా అర్హులైన దంపతుల రిజిస్టర్ చంకన పెట్టుకుని తిరిగాను. ఎవరికి ఎంతమంది పిల్లలు, ఎవరికి కుటుంబ నియంత్రణ ఆపరేషన్ అయింది, ఎవరి భర్త ఏ ఊళ్లో పనిచేస్తున్నాడు, అన్నీ అందులో ఉంటాయి. అందుకే పెళ్లిళ్లలో, బస్సుల్లో జనాభా గురించి వినే మాటలకు ఒక్కోసారి నవ్వు, ఒక్కోసారి కోపం వస్తాయి.

అపోహ: మన దగ్గర జనం కుప్పలుగా పెరిగిపోతున్నారు.

2001-2011 మధ్య దేశ జనాభా 17.7 శాతం పెరిగింది. అప్పటి ఉమ్మడి శ్రీకాకుళం జిల్లా 6.5 శాతం, విజయనగరం 4.2 శాతమే పెరిగాయి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే నాటికి రాష్ట్రంలో ఒక్కో మహిళకు సగటున 1.7 మంది పిల్లలు. తల్లిదండ్రుల తరం ఎంతో పిల్లల తరం అంతే ఉండాలంటే 2.1 కావాలి. అయినా జనం ఇంకా కొంత పెరుగుతున్నారంటే, నిన్నటి తరంలో ఎక్కువమంది పుట్టి ఇప్పుడు వాళ్లు కనే వయసుకు రావడం, పెద్దవాళ్లు ఎక్కువకాలం బతకడం కారణాలు.

అపోహ: ఇక్కడ ఆడపిల్లలే ఎక్కువ పుడతారు.

2011లో వెయ్యి మంది మగవాళ్లకు శ్రీకాకుళంలో 1015, విజయనగరంలో 1019 మంది ఆడవాళ్లు. ఈ అంకె చెప్పి సభల్లో చప్పట్లు కొట్టించుకున్నవాళ్లను చూశాను. అదే జనగణనలో ఆరేళ్లలోపు పిల్లల్ని చూడండి, ఆడపిల్లలే తక్కువ! మరి పెద్దయ్యేసరికి మగవాళ్లు ఏమైపోయారు? ఆడవాళ్లు కాస్త ఎక్కువకాలం బతుకుతారు, నిజమే. కానీ అసలు సంగతి వలస. జనగణన మనిషిని ఉంటున్న చోటే రాసుకుంటుంది. ఉద్దానం మనిషి హైదరాబాద్ బిల్డింగ్ పనిలో ఉంటే అక్కడి లెక్కే. మా తీరంలోని మత్స్యకార గ్రామాలు మత్స్యలేశం, బుడగట్లపాలెం మగవాళ్లు గుజరాత్‌లోని వెరావల్ వెళ్లి బోటెక్కుతారు. 2020 లాక్‌డౌన్‌లో వేలమంది అక్కడ చిక్కుకుపోయాకే బయటివాళ్లకు ఆ సంగతి తెలిసింది. ఇది కొత్తా అంటే కాదు. మా ముత్తాతల కాలంలో రంగూన్, తర్వాత ఖరగ్‌పూర్.

నా రిజిస్టర్‌లో "భర్త: వలస" అని రాసిన పేజీలే ఎక్కువ.

అపోహ: మగవాడికి ఆపరేషన్ చేస్తే బరువులెత్తలేడు.

"ఆయన మూటలు మొయ్యాలి కదా నర్సమ్మా, నాకే సేసీండి." ఈ మాట ఎన్నిసార్లు విన్నానో. మరి నీళ్ల బిందెలు ఎవరు మోస్తారమ్మా అంటే నవ్వేసేవారు. వేసెక్టమీలో వీర్యకణాలు వచ్చే సన్నని గొట్టాన్ని మాత్రమే మూస్తారు. మగతనానికి, కండబలానికి కావలసిన హార్మోన్ నేరుగా రక్తంలోకి వెళుతుంది కాబట్టి దానికేమీ కాదు. రెండు రోజులు విశ్రాంతి, వారం పాటు బరువులు వద్దు, అంతే. ఒక్క జాగ్రత్త మాత్రం ఉంది. మూడు నెలలు నిరోధ్ వాడి, పరీక్షలో కణాలు లేవని తేలాకే ధైర్యం. ఇది చెప్పకుండా పంపితే తర్వాత ఆ ఇంట్లో భార్యను అనుమానిస్తారు.

రాష్ట్రంలో పెళ్లయిన ఆడవాళ్లలో దాదాపు 70 శాతం మందికి కుటుంబ నియంత్రణ ఆపరేషన్ అయింది. మగవాళ్లు అర శాతం కూడా లేరు. ఎమర్జెన్సీలో, 1976-77 ఒక్క ఏడాదిలో దేశంలో 60 లక్షలకు పైగా మగవాళ్లకు, చాలాచోట్ల బలవంతంగా చేశారు. ఆ భయం తాత నుంచి మనవడికి వచ్చింది. భారమంతా ఆడవాళ్ల మీద పడింది.

అపోహ: ఇద్దరు దాటితే రేషన్ కార్డు పోతుంది.

లేదు. 1994 పంచాయతీరాజ్ చట్టం స్థానిక ఎన్నికల్లో పోటీ చేసేవాళ్లకే ఇద్దరు పిల్లలు దాటకూడదన్న అడ్డు పెట్టింది. 2024 నవంబర్‌లో అదీ తీసేశారు. ఆ ముప్పై ఏళ్లలో మూడో బిడ్డను అక్క పేరున రాయమని నన్ను బతిమాలినవాళ్లున్నారు. పిల్లలు తగ్గింది మాత్రం ఈ చట్టం వల్ల కాదు. పోటీ చేయాలని కలలో కూడా అనుకోని ఆడవాళ్లే ఇద్దరితో ఆపేశారు.

అపోహ: డబ్బిస్తే మళ్లీ కంటారు.

2025 మార్చిలో విజయనగరం ఎంపీ కలిశెట్టి అప్పలనాయుడు, మూడో కాన్పులో ఆడపిల్ల పుడితే 50 వేలు, మగపిల్లాడు పుడితే ఆవు ఇస్తానని ప్రకటించారు. ఆయన ఉద్దేశం మంచిదే కావచ్చు. కానీ ఎవరికిస్తారు? మా ఊళ్లలో చాలామందికి పాతికేళ్లు దాటకముందే ఆపరేషన్ అయిపోయింది. గొట్టాలు మళ్లీ కలపొచ్చు గానీ గర్భం వస్తుందన్న హామీ లేదు. ఆపరేషన్ కానివాళ్లు కూడా నాతో అన్నదిదే: "ఆవు పాలిస్తాది సరే, ఇంగ్లీష్ మీడియం ఫీజెవులు కడతారు?"

దక్షిణ కొరియా ఏళ్ల తరబడి డబ్బు కుమ్మరించినా 2023లో ఒక్కో మహిళకు పిల్లల సగటు 0.72కి దిగింది. రుమేనియా 1966లో గర్భస్రావాలను దాదాపుగా నిషేధిస్తే మరుసటి ఏడు కాన్పులు ఇంచుమించు రెట్టింపయ్యాయి. కొన్నేళ్లలోనే మళ్లీ తగ్గాయి. చాటుగా చేయించుకుని చనిపోయిన తల్లులు మాత్రం పెరిగారు.

జనగణనలో మనుషుల్ని లెక్కించేది 2027 ఫిబ్రవరిలో. అప్పటికి సంక్రాంతి బస్సులు వెళ్లిపోయి ఉంటాయి, వెరావల్ బోట్లు ఇంకా సముద్రంలోనే ఉంటాయి.