బానెట్ కింద ఎలుకల కాపురం: అపోహలు - వాస్తవాలు

హైదరాబాద్‌లో వానలు పట్టుకున్నాయంటే కార్ల వైరింగ్ పనులు పెరుగుతాయి. కలుగుల్లోకి నీళ్లు దిగి పందికొక్కులు, ఎలుకలు పైకొస్తాయి. సెల్లార్‌లో కవర్ కప్పి నెలల తరబడి వదిలేసిన బండి వాటికి కట్టిపెట్టిన ఇల్లులాంటిది. అమెరికాలో ఉన్న కొడుకు కారు, సెలవులకు మాత్రమే తీసే క్యాంపర్ వ్యాన్ (లోపలే వండుకుని, పడుకునే బండి), మొయినాబాద్ ఫామ్‌హౌస్‌లో ఉంచేసిన జీపు: ఎక్కువగా నష్టపోయేవి ఇలాంటివే. దానికి తోడు వాట్సాప్‌లో తిరిగే చిట్కాలు. వాటిలో కొన్ని పనికిరానివి, కొన్ని ప్రమాదం, ఒకటో రెండో సగం నిజం.

అపోహ: ఇప్పటి వైర్ల పూతలో సోయా ఉంటుంది, అందుకే కొరుకుతాయి. పాత బండికి భయం లేదు.

కొన్ని కంపెనీలు సోయా నుంచి తీసిన పదార్థం వాడుతున్నాయని అమెరికాలో కేసులు కూడా పడ్డాయి. కానీ సోయా ఊసే లేని రోజుల్లో పీవీసీ వైర్లనూ ఇలాగే కొరికాయి. ఎలుక ముందుపళ్లు బతికున్నంతకాలం పెరుగుతూనే ఉంటాయి, కొరక్కుండా ఉండలేదు. అద్దం మీద నీళ్లు చిమ్మే సన్నటి పైపు, పెట్రోల్ గొట్టం, బానెట్ లోపలి దూది పరుపు, సీటు ఫోమ్, దేన్నీ వదలదు. వీటిలో పెట్రోల్ గొట్టంతోనే అసలు భయం. బండి దగ్గర పెట్రోల్ వాసన వస్తే స్టార్ట్ చేయకండి, స్విచ్‌లు ముట్టుకోకండి. దూరంగా జరిగి మెకానిక్‌ను పిలవండి.

అపోహ: రోజూ తిరిగే బండిలోకి రావు.

వస్తాయి. డిసెంబరు చలిలో రాత్రి పదింటికి వచ్చి ఆగిన ఇంజన్ చాలాసేపు వెచ్చగా ఉంటుంది. గూడు మొదలుపెట్టడానికి ఒక్క రాత్రి చాలు. ఇంజన్ వేడి లేని ఎలక్ట్రిక్ కారుకూ మినహాయింపు లేదు. దాంట్లో నారింజ రంగు కేబుల్ మీద పంటి గాటు కనిపిస్తే చెయ్యి పెట్టొద్దు, అది హైవోల్టేజ్ లైను. కంపెనీ సర్వీస్ వాళ్లే చూడాలి.

అపోహ: ఛుఛుందర్ వైర్లు కొరికేసింది.

పాపం, దానికి లేనిపోని నింద. ముక్కు పొడుగ్గా ఉండి, కంపు కొడుతూ గోడవారగా పరిగెత్తే చుంచు అసలు ఎలుక జాతే కాదు. బొద్దింకల్ని, పురుగుల్ని తిని బతుకుతుంది. వైర్లు కొరికేది చిట్టెలుక, లేదంటే చెట్లూ పైపులూ ఎక్కే నల్ల ఎలుక. పెంటికలు చూస్తే ఏదో తెలుస్తుంది. బియ్యపు గింజంత, ఇంకా చిన్నగా ఉంటే చిట్టెలుక. సెంటీమీటరు దాటితే పెద్ద ఎలుక. ఈ తేడా తెలియాలి, ఎందుకంటే చిట్టెలుకకు పెన్సిల్ దూరే సందు చాలు, పెద్దదానికి బొటనవేలు దూరేంత కావాలి.

అపోహ: అల్ట్రాసౌండ్ మెషిన్ పెడితే పారిపోతాయి.

రెండు మూడు రోజులు బెదురుతాయి, తర్వాత అలవాటు పడతాయి. ఆ శబ్దం ఇంజన్ దిమ్మెను దాటి అవతలికి పోదు, దూరం పెరిగేకొద్దీ త్వరగా తగ్గిపోతుంది. రుజువుల్లేకుండా ఇలాంటి గొప్పలు చెప్పుకోవద్దని అమెరికాలో వినియోగదారుల రక్షణ చూసే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌టీసీ 2001లోనే అరవైకి పైగా తయారీదారులకు, అమ్మేవాళ్లకు హెచ్చరిక లేఖలు పంపింది. పైగా నిలిపి ఉంచిన బండిలో నెలల తరబడి అది బ్యాటరీని తాగుతుంది.

అపోహ: కలరా ఉండలు, పొగాకు, ఫినాయిల్, మిరియాల స్ప్రే వాడితే ఆ వాసనకు రావు.

కింద అంతా తెరిచే ఉండే ఇంజన్ దగ్గర ఏ వాసనా నిలవదు. పొగాకు కట్ట ఎండి పొడైపోతుంది, సైలెన్సర్ దగ్గర పడితే అంటుకుంటుంది కూడా. కలరా ఉండల ఆవిరి వైపర్ల కింది జాలీ గుండా ఏసీలోకి పోయి, లోపల కూర్చున్న పిల్లలకు తలనొప్పి, వాంతులు తెస్తుంది. బంపర్‌కు కట్టిన నిమ్మకాయ, మిరపకాయలు దిష్టికే, ఎలుకకు కాదు. కారంలో కొంత పస ఉన్నది టేపు రూపంలోనే. మిరప ఘాటు పట్టించిన టేపును హోండా అమ్ముతుంది. రిపేరు చేసిన వైరు మీద సగం సగం ఒకదానిపై ఒకటి వచ్చేలా చుడితే ఆ చోట మళ్లీ కొరకడం తగ్గుతుంది. టేపు లేనిచోట మామూలే.

అపోహ: రాత్రి బానెట్ ఎత్తి ఉంచితే రావు.

సగం నిజం. ఇంజన్ త్వరగా చల్లారుతుంది, చీకటి మూల పోతుంది. కానీ అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లో ఎన్ని రాత్రులు ఎత్తి ఉంచగలరు? బానెట్ లైటు ఉంటే తెల్లారేసరికి బ్యాటరీ ఖాళీ. నేలను తాకేలా కప్పిన కవర్ దీనికి సరిగ్గా వ్యతిరేకం, అది ఎలుకకు వేసిచ్చిన టెంటే. కవర్ అంచు నేలకు ఒక అడుగు పైన ఉండాలి.

అపోహ: మందు తిన్న ఎలుక నీళ్లకోసం బయటికెళ్లి చస్తుంది.

ఇంత నమ్మకంగా చెప్పే అబద్ధం ఇంకోటి లేదు. బజార్లో దొరికే బ్రోమాడియొలోన్ బిళ్లలు రక్తం గడ్డకట్టనివ్వవు, ఎలుక చావడానికి నాలుగైదు రోజులు పడుతుంది. నీరసించిన ఎలుక తన గూట్లోకే పోతుంది, ఆ గూడు మీ ఏసీ బ్లోయర్ పక్కన ఉంటే డ్యాష్‌బోర్డ్ విప్పాల్సిందే. ఆ ఎలుకను తిన్న పిల్లికీ, గుడ్లగూబకీ విషమే. పసుపు భాస్వరం పేస్టు జోలికి అసలు పోవద్దు, మనిషి నోట్లో పడితే కాలేయం దెబ్బతింటుంది, విరుగుడు మందు లేదు.

మరి ఏది పనిచేస్తుంది?

ముందు ఎక్కడినుంచి వస్తుందో చూడండి. రాత్రి నాలుగు టైర్ల చుట్టూ జానెడు వెడల్పున ముగ్గు పలచగా చల్లండి. అసలు ముగ్గే, బియ్యప్పిండి కాదు, అది విందు అవుతుంది. పొద్దున్నే టార్చిని నేలకు ఆనించి, వెలుతురు ఏటవాలుగా పడేలా చూస్తే చిన్న చిన్న పాదాల గుర్తులు, వాటి నడుమ తోక ఈడ్చిన సన్నటి గీత కనిపిస్తాయి. చాలాసార్లు ఆ దారి గోడవారగా పోయి చెత్త డబ్బా దగ్గరో, పావురాలకు జొన్నలు చల్లే మూల దగ్గరో తేలుతుంది. సమస్య బండిది కాదు, ఆ మూలది. మూత ఉన్న డబ్బా పెట్టించి, గింజలు ఆపించకపోతే బండికి ఏం చేసినా పది రోజుల ముచ్చటే. గుర్తులు లేకున్నా ఎలుక కనిపిస్తోందంటే పైనుంచి దిగుతోంది. బండి మీదికి వాలిన కొమ్మను మూడడుగుల దూరం వరకు కొట్టించండి.

బోను ఇంజన్ మీద కాదు, ఆ దారిలోనే పెట్టాలి. ఒక కారుకు నాలుగు. స్ప్రింగు బోనైతే గోడకు అడ్డంగా, ఎర ఉన్న కొస గోడవైపు ఉండాలి. ఎరగా కాల్చిన కొబ్బరి ముక్క, లేదా ఎండు రొయ్య శనగగింజంత. పెద్దముక్క పెడితే లాక్కుని పోతుంది. పెద్ద ఎలుకకు కొత్త వస్తువంటే అనుమానం. అందుకే మూడు రాత్రులు స్ప్రింగు ఎక్కించకుండా ఎర మాత్రం పెట్టి తిననివ్వండి, నాలుగో రాత్రి ఎక్కించండి. చాలామంది మొదటి రాత్రే ఎక్కించి, పడలేదని బోను పారేస్తారు. చిట్టెలుకకు ఈ అనుమానం తక్కువ, వెంటనే పడుతుంది. పిల్లలు, కుక్కలు తిరిగేచోట పెట్టె లోపల అమర్చిన బోను వాడండి.

తర్వాత దారులు మూయాలి. రాణిగంజ్ హార్డ్‌వేర్ దుకాణాల్లో 6 మి.మీ. కన్నుల వెల్డ్ జాలీ దొరుకుతుంది, స్టీల్‌దైతే మేలు. వైపర్ల కింద ఏసీకి గాలి లాగే చోట లోపలివైపు బిగించాలి. నిలిపే ముందు ఏసీని లోపలి గాలి తిరిగే మోడ్‌లో పెడితే ఆ తలుపు కూడా మూసుకుంటుంది. ఎయిర్ ఫిల్టర్ గొట్టం మూతికి, సైలెన్సర్ మూతికి జాలీ చుట్టి క్లిప్పు వేయండి. ఇవి రెండూ నిలిపినప్పుడే, స్టార్ట్ చేసేముందు తీసేయాలి. మర్చిపోకుండా స్టీరింగ్‌కు ఎర్ర రిబ్బన్ కట్టండి. స్టీల్ పీచును మాత్రం ఫిల్టర్ గొట్టంలో కుక్కొద్దు, ఊడిన పోగుల్ని ఇంజన్ లాగేసుకుంటుంది.

క్యాంపర్ వ్యాన్‌లో పని ఇంకా ఎక్కువ. సింకు పైపు, కరెంటు కేబుల్, నీళ్ల ట్యాంకు కోసం నేలకు కొట్టిన ప్రతి కన్నమూ పైపు కంటే పెద్దగానే ఉంటుంది. రాత్రి లోపల లైటు వేసి, ఒకరు కిందికి వంగి చూస్తే వెలుతురు కారే చోట్లన్నీ దొరుకుతాయి. స్టెయిన్‌లెస్ స్టీల్ పీచో, రాగి జాలీయో గట్టిగా కుక్కి, పైన పాలీయురేథేన్ సీలెంట్ పట్టించండి. మామూలు స్టీల్ పీచు ఒక్క వానాకాలానికే తుప్పు పట్టి రాలిపోతుంది. స్ప్రే ఫోమ్ ఒక్కటే కొడితే ఎలుక దాన్ని జున్నులా తొలిచేస్తుంది. ఒక్క కన్నం మాత్రం మూయకూడదు. సిలిండర్ పెట్టె అడుగున గ్యాస్ కిందికి పోవడానికి వదిలినది. ఎల్‌పీజీ గాలికంటే బరువు, లీకైతే కిందికే దిగాలి. దానికి జాలీ మాత్రమే. ప్యాకెట్ విప్పని నూడుల్స్, టిష్యూ పేపర్, చివరికి సబ్బు కూడా దించేయండి. పరుపులు నిలబెట్టండి, సొరుగులు తెరిచి ఉంచండి.

అపోహ: పెంటికలు ఊడ్చేస్తే సరి.

పొడిగా ఊడ్చినా, వాక్యూమ్ పెట్టినా దుమ్ము ఊపిరిలోకి పోతుంది. ఎలుక మూత్రంతో లెప్టోస్పైరోసిస్, అంటే ఎలుక జ్వరం వస్తుంది. గ్లౌజులు, మాస్కు వేసుకుని, ఒక వంతు బ్లీచ్ ద్రావణానికి తొమ్మిది వంతుల నీళ్లు కలిపి తడపాలి, ఐదు నిమిషాలాగి పేపర్‌తో తీయాలి. ఇంజన్ దగ్గర బ్లీచ్ వద్దు, అల్యూమినియం, వైరు కొసలు తినేస్తుంది. అక్కడ సబ్బునీళ్ల గుడ్డ చాలు.

అపోహ: తెగిన వైరు మెలిపెట్టి టేపు చుడితే చాలు.

వానాకాలం ముగిసేలోపు ఆ ముడి పచ్చగా చిలుము పట్టి మళ్లీ వార్నింగ్ లైటు వెలుగుతుంది. బ్యాటరీ నెగటివ్ తీసి, సోల్డర్ గానీ క్రింపు గానీ చేసి, లోపల జిగురుండే హీట్ ష్రింక్ గొట్టం (వేడి తగిలితే ముడుచుకుని బిగుసుకునేది) వేయాలి. పసుపు కనెక్టర్ ఉన్న ఎయిర్‌బ్యాగ్ వైర్లకు అతుకు వేయొద్దు. బీమా క్లెయిమ్ చేద్దామనుకుంటే బండి కదిలించే ముందే ఫోటోలు తీసి బీమా కంపెనీకి చెప్పండి. థర్డ్ పార్టీ పాలసీలో ఇది రాదు, సమగ్ర పాలసీలో కూడా కంపెనీని బట్టి మారుతుంది. రిపేరు రెండు మూడు వేలైతే మాత్రం ఆగి లెక్క వేయండి: 1500 సీసీ వరకు కార్లకు మొదటి 1000 రూపాయలు ఎలాగూ మీరే పెట్టుకోవాలి, పైగా వచ్చే ఏడాది ప్రీమియంలో 20 నుంచి 50 శాతం దాకా తగ్గించే నో క్లెయిమ్ బోనస్ పోతుంది.