రేపు ధర పడిపోతదట!

వరంగల్‌లోని ఎనుమాముల మార్కెట్‌కు మిర్చి జోరుగా వచ్చే ఫిబ్రవరి, మార్చి రోజులనుకుందాం. "వచ్చే వారం రేటు పడిపోతదట" అని ఎవరో ఊరి వాట్సాప్ గ్రూపులో పెడతారు. ఆధారమేమీ ఉండదు. అయినా కల్లంలో ఇంకా ఆరాల్సిన కాయను కూడా బస్తాలకెత్తి అందరూ ఒక్కరోజే యార్డుకు తెస్తారు. సరుకు కుప్పలు పడుతుంది, ఖరీదుదారులకు తొందర ఉండదు, తేమ ఉందని ధరలో మరికొంత కోస్తారు. మధ్యాహ్నానికి ధర నిజంగానే పడుతుంది. "చెప్పిన గద!" అంటాడు మెసేజ్ పెట్టినాయన.

అమెరికా సమాజ శాస్త్రవేత్త రాబర్ట్ కె. మెర్టన్ 1948లో రాసిన వ్యాసంతో దీనికి 'సెల్ఫ్ ఫుల్‌ఫిల్లింగ్ ప్రాఫెసీ' అన్న పేరు స్థిరపడింది. అంటే తనను తానే నిజం చేసుకునే జోస్యం. ఆయన నిర్వచనంలో చాలామంది వదిలేసే ముక్క ఒకటుంది: ఆ మాట మొదట అబద్ధమై ఉండాలి. దాన్ని నమ్మి జనం నడత మార్చుకోవాలి, ఆ నడతే అబద్ధాన్ని నిజం చేయాలి. పత్తికి గులాబీ పురుగు వస్తుందని చెప్తే వచ్చిందనుకోండి, అది ఒట్టి అంచనా. పురుగు మన మాట విని రాదు.

'నమ్మితే ఏదైనా అయిపోతుంది' అనే ప్రసంగాలకూ దీనికీ సంబంధం లేదు. పరిశోధకులు రోజెంతాల్, జేకబ్సన్ 1968లో ప్రచురించిన బడి ప్రయోగంలో, లాటరీ తీసినట్టు ఎంచిన పిల్లల పేర్లిచ్చి 'వీళ్లు బాగా ఎదుగుతారు' అని టీచర్లకు చెప్పారు. ఆ మాట వల్ల పిల్లలకు లాభం ప్రధానంగా 1, 2 తరగతుల్లోనే కనిపించింది. దానిపైనా వాదాలు నడిచాయి. మామూలు తరగతి గదుల్లో ఈ ప్రభావం ఉన్నా చిన్నదేనని తర్వాతి పరిశోధనల సారం.

జోస్యం తిరగబడటమూ ఉంది. ఈ ఏడు మిర్చికి మంచి ధర పలికింది, వచ్చే ఏడూ పలుకుతుందని అందరూ అదే వేస్తే దిగుబడి ముంచెత్తి ధర కూలుతుంది. నమ్మడం వల్లే తప్పిన జోస్యం అది.

పుకారును ఖండిస్తే సరిపోదా? సరిపోదు. అది అబద్ధమని తెలిసిన రైతు కూడా, మిగతావాళ్లు తెస్తారేమోనని బండి కట్టక తప్పదు. బ్యాంకు మునుగుతుందన్న పుకారుతో దాని ముందు కట్టే క్యూలదీ ఇదే లెక్క. అందుకే మన దేశంలో ఒక్కో బ్యాంకులో ఒక్కో ఖాతాదారుకు 5 లక్షల రూపాయల దాకా డిపాజిట్ బీమా పెట్టారు; ముందు పరుగెత్తినవాడికే డబ్బు దక్కుతుందన్న భయం చిన్న ఖాతాదారుకు ఉండదు. మిర్చికి ఆ పని కోల్డ్ స్టోరేజీ కొంత చేస్తుంది. కానీ అద్దె, వడ్డీ పెరుగుతుంటాయి. అడ్తిదారు దగ్గర అప్పు తెచ్చిన కౌలురైతుకు ఆగే వీలెక్కడిది?