టేపుతో పాటు రంగు లేచొస్తే: మోడల్ యుద్ధవిమానాల మాస్కింగ్‌పై అపోహలు, వాస్తవాలు

నెల్లూరు, ఒంగోలు చుట్టుపక్కల మోడల్ విమానాలు కట్టే కుర్రవాళ్లు, రంగు పాడైన విమానాన్ని అట్టపెట్టెలో పెట్టుకుని నా దగ్గరకు వచ్చినప్పుడు, దాదాపు అందరూ ముందుగా టేపునే తిడతారు. రెండో రంగు పడకూడని చోటును టేపుతో కప్పడాన్నే మాస్కింగ్ అంటారు. చవక టేపు కొన్నందుకు ఇలా అయిందని ఒకరంటే, ఆన్‌లైన్‌లో వచ్చింది నకిలీదని మరొకరంటారు. ఎవరో వీడియోలో చెప్పిన మాట పదిమంది నోళ్లలో నాని చివరికి శాస్త్రమై కూర్చుంటుంది. ఆ మాట నమ్మి ఉన్న డబ్బంతా టేపుల మీద పెట్టి, అసలు చేయవలసిన పని చేయనివాళ్లే ఎక్కువగా నష్టపోతున్నారు కాబట్టి దాని గురించే ఎక్కువగా రాస్తాను.

అపోహ: రంగు లేచిపోవడానికి కారణం టేపు జిగురు.

వాస్తవం: రంగు ప్లాస్టిక్‌ను ఎంత గట్టిగా పట్టుకుందో టేపు బయటపెడుతుంది, అంతే. కిట్టులో, అంటే మోడల్ కట్టడానికి అమ్మే పెట్టెలో ఉండే ప్లాస్టిక్ భాగాలను అచ్చులో పోసేటప్పుడు అవి సులువుగా ఊడిరావడానికి వాడే పదార్థం కొంత వాటి మీద మిగిలి ఉంటుంది. దానికి తోడు కట్టేటప్పుడు మన వేళ్ల జిడ్డు చేరుతుంది. పొద్దున్నే తలకు కొబ్బరినూనె రాసుకుని, మధ్యమధ్యలో జుట్టు సవరించుకుంటూ పనిచేసే మన వాళ్ల విషయంలో ఈ జిడ్డు సంగతి వేరే చెప్పనక్కరలేదు. ఆ జిడ్డు మీద, ప్రైమర్ (రంగుకు ముందు వేసే పునాది పూత) కూడా లేకుండా, నీటితో కలిపే అక్రిలిక్ రంగు వేస్తే అది కాచిన పాల మీద మీగడలా పైపైన తేలి ఉంటుందే తప్ప ప్లాస్టిక్‌ను పట్టుకోదు. ఘాటైన ద్రావకంతో కలిపే లాకర్ రకం ప్రైమర్‌లోని ద్రావకం అలా కాదు. అది కిట్టు ప్లాస్టిక్ అయిన పాలీస్టైరీన్ పైపొరను అతి కొద్దిగా కరిగించి అందులోకి దిగుతుంది కనుక, దాని మీద వేసిన రంగుకు పునాది దొరుకుతుంది.

ఒంగోలు నుంచి వచ్చిన ఒక ఇంజినీరింగ్ విద్యార్థి రెండో ప్రపంచయుద్ధం నాటి బ్రిటిష్ యుద్ధవిమానం హరికేన్ కట్టాడు. 1944లో ఇంఫాల్ పోరులో అర్జన్ సింగ్ నాయకత్వాన ఎగిరిన మన వైమానిక దళపు 1వ స్క్వాడ్రన్ (దళం) విమానంగా దాన్ని తీర్చిదిద్దాలని అతని కోరిక. "అన్నా, టేపు తీస్తా ఉంటే రంగంతా దాంతోనే వచ్చేసింది. ఇంక కిట్టు పారేయాల్సిందేనా?" అని అడిగేటప్పుడు అతని గొంతు సరిగా పలకలేదు. హాస్టల్ ఖర్చుల్లో మిగిల్చిన డబ్బుతో తెప్పించుకున్న కిట్టు అది. విమానం సంగతి తర్వాత చూద్దామని చెప్పి, ముందు ఆ తీసేసిన టేపు ముక్కను చూపించమన్నాను. జిగురు వైపు ముదురు ఆకుపచ్చ, మట్టి రంగు రెండూ ఒకదాని మీద ఒకటి పొరలుగా చెక్కుచెదరకుండా అంటుకుని ఉన్నాయి. రెక్క మీద ఆ మేర బూడిదరంగు ప్లాస్టిక్ నున్నగా మెరుస్తోంది. పొరలు ఒకదాన్నొకటి వదల్లేదు, రెండూ కలిసి ప్లాస్టిక్‌ను వదిలేశాయి. అంటే భాగాలను కడగలేదు, ప్రైమర్ వేయలేదు. అడిగితే రెండూ నిజమేనన్నాడు. అతను వాడింది అందరూ మెచ్చుకునే జపాన్ కంపెనీ తమియా టేపే.

అందుచేత రంగు లేచినప్పుడు టేపును నలిపి పారేయకుండా వెనక్కి తిప్పి చూడండి. పై రంగు ఒక్కటే లేచి కింది రంగు విమానం మీదే ఉంటే, కింది రంగు పూర్తిగా ఆరకముందే రెండోది వేసి ఉండవచ్చు. అంచు వెంబడి సన్నని పట్టీలా మాత్రమే లేస్తే, ఆ అంచు దగ్గర రంగు మరీ మందంగా పడిందని అర్థం.

చేయవలసింది పెద్ద పనేమీ కాదు. భాగాలను గిన్నెలు తోమే సబ్బునీళ్లతో, పాత టూత్‌బ్రష్‌తో కడిగి ఆరబెట్టాలి. కట్టడం పూర్తయ్యాక మరొకసారి తుడిచి, లాకర్ ప్రైమర్ పలుచగా వేయాలి. అసలు మాస్కింగ్‌కు ముందు రెక్క అడుగున, ఎవరికీ కనిపించని చోట ఒక టేపు ముక్క అంటించి లాగి చూడాలి. ఆ హరికేన్‌ను పారేయలేదు. లేచిన చోట అంచులను 2000 నంబరు తడి ఎమెరీ కాగితంతో వేలికి తగలనంత సాఫు చేసి, ప్రైమర్ వేసి, మళ్లీ రంగు వేశాడు. కిట్టు పోయిందని దిగులుపడేవాళ్లకు నేను చెప్పేది ఇదే: రంగు పాడవడం వల్ల పారేయవలసి వచ్చిన కిట్టు నేను చూడలేదు.

అపోహ: వేలికి అంటకపోతే రంగు ఆరినట్టే.

వాస్తవం: వేలికి అంటకపోతే పైపొర ఆరింది, అంతవరకే. లోపలి ద్రావకం బయటికి పోవడానికి ఇంకా సమయం కావాలి. పలుచగా వేసిన లాకర్ గంటలోపే మాస్కింగ్‌కు సిద్ధమవుతుంది. అక్రిలిక్‌కు కనీసం ఒక రోజు, నూనె ఆధారిత ఎనామెల్ రంగుకు కొన్ని రోజులు పడుతుంది. విమానాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూడండి. థిన్నర్ వాసన వస్తున్నంతసేపు టేపు జోలికి వెళ్లవద్దు. మన దగ్గర ఈశాన్య రుతుపవనాల వానలు పడే అక్టోబరు నుంచి డిసెంబరు దాకా అక్రిలిక్ ఆరడం ఇంకా ఆలస్యమవుతుంది.

అపోహ: టేపు ఎంత గట్టిగా అంటితే గీత అంత శుభ్రంగా వస్తుంది.

వాస్తవం: ఈ నమ్మకంతోనే చాలామంది కార్ల పెయింటింగ్ షెడ్లలో వాడే ముడతల టేపు తెచ్చుకుంటారు. దాని అంటు బలంగానే ఉంటుంది గానీ, ఆ ముడతల కింద సన్నని సందులు మిగిలి రంగు వాటిలోకి పాకుతుంది. జపాన్ వాషీ కాగితంతో చేసిన పలుచని టేపు తక్కువగా అంటుతూనే ఉపరితలానికి అతుక్కుపోతుంది. అయితే ఆ టేపు చుట్టకు కూడా పక్కల దుమ్ము చేరుతుంది కాబట్టి, ముక్కను శుభ్రమైన అద్దం మీద పరిచి, స్టీలు స్కేలు పెట్టి కొత్త బ్లేడుతో తాజా అంచు కోసుకోవాలి. విమానం మీద ప్యానెల్ గీతలు (పలకల అతుకులను చూపే సన్నని గాళ్లు) దాటే ప్రతి చోటా టేపు ఆ గాడి మీద వంతెనలా నిలుస్తుంది. అక్కడ పుల్లతో నొక్కి టేపును గాడిలోకి దించకపోతే, మిగతా అంచంతా ఎంత బాగున్నా అక్కడ రంగు కారుతుంది.

ఇన్ని చేసినా కారుతుందని భయపడేవాళ్లకు నమ్మదగిన ఉపాయం ఒకటుంది. టేపు అంటించాక, కొత్త రంగు కంటే ముందు, కింద ఉన్న రంగునే మళ్లీ అంచు వెంబడి పలుచగా కొట్టండి. సందులేమైనా ఉంటే వాటిని ఆ రంగే పూడుస్తుంది. అది కారినా కింది రంగులోనే కలిసిపోతుంది. ఆ తర్వాత ఎయిర్‌బ్రష్‌తో (గాలితో రంగు చల్లే పరికరం) 15 పీఎస్ఐ గాలి ఒత్తిడి దగ్గర, టేపు మీది నుంచి విమానం వైపుకు, పలుచని పొరలుగా కొత్త రంగు వేయాలి. ఎయిర్‌బ్రష్‌ను ఎదురు దిశలో తిప్పితే గాలి రంగును టేపు కిందికి తోసేస్తుంది. టేపు తీసేటప్పుడు పైకి లాగవద్దు. దాని మీదకే వెనక్కి మడిచి, ఉపరితలాన్ని ఒరుసుకుంటూ మెల్లగా తీయాలి.

అపోహ: అసలు విమానాల మీద రంగుల అంచులు మెత్తగా ఉండేవి కనుక మోడల్ మీద టేపే వాడకూడదు.

వాస్తవం: లెక్క చూడండి. అసలు విమానం మీద రెండు రంగుల మధ్య 25 మిల్లీమీటర్ల మేర మెత్తని అంచు ఉంటే, 1/72 స్కేలులో (అసలు కంటే 72 రెట్లు చిన్న మోడల్ మీద) అది 0.35 మిల్లీమీటరు, 1/48లో 0.5 మిల్లీమీటరు అవుతుంది. ఆ కొలతలో అది కంటికి గీతలాగే కనిపిస్తుంది. బ్రిటిష్ నమూనా రంగులున్న హరికేన్, స్పిట్‌ఫైర్లకు టేపు గానీ, చాలా సన్నగా చుట్టిన బ్లూటాక్ (గోడకు కాగితాలు అంటించే మెత్తని ముద్ద) తీగ గానీ సరిపోతుంది. లావు తీగ వాడితే అంచు పొగమంచులా వస్తుంది. జర్మన్ విమానాల పక్కల కనిపించే మచ్చల పని వేరు, దాన్ని టేపు లేకుండా చేత్తోనే వేయాలి.

కాక్‌పిట్ అద్దానికి లోపలి వైపు కూడా మాస్కింగ్ చేయాలని కొందరు ప్రాణం విసిగించుకుంటారు. అవసరం లేదు. బయటి వైపే మాస్కింగ్ చేసి, ముందు కాక్‌పిట్ లోపలి రంగు, దాని మీద బయటి రంగు వేస్తే, లోపలి నుంచి చూసినప్పుడు చట్రం లోపలి రంగులోనే కనిపిస్తుంది. విమానం ఏ దేశానిదో చెప్పే గుండ్రటి గుర్తులను మాస్క్‌తో వేసేవాళ్లు మధ్యలో ఎరుపు వేసే ముందు ఒకసారి ఆలోచించాలి: జపాన్ గుర్తుగా పొరబడే ప్రమాదం ఉందని 1942 నుంచి మన ప్రాంతంలోని బ్రిటిష్, భారత విమానాల మీద ఎరుపు తీసేశారు.

2025 సెప్టెంబరు 26న చండీగఢ్‌లో మిగ్-21కు వీడ్కోలు పలికినప్పటి నుంచి, దాని తొలినాటి వెండి రంగు రూపం గురించి అడిగేవాళ్లు పెరిగారు. లోహపు రంగుల విషయంలో మాత్రం టేపును అనుమానించడంలో న్యాయం ఉంది. రంగు లేవకపోయినా, టేపు అంటిన చోట మెరుపు తగ్గి మరక కనిపించవచ్చు. కాబట్టి ముక్కు కోన, పలకల తేడాల వంటి రంగులను వీలైనంత వరకు ముందే వేసుకుని, వాటిని కప్పి, వెండి రంగు చివర్లో వేయడం మేలు. తప్పనిసరై వెండి మీద టేపు వేయవలసి వస్తే, ముందుగా దాన్ని అద్దం మీద ఒకటి రెండుసార్లు అంటించి తీసి అంటు తగ్గించుకోవాలి. అరచేతికి అంటించమని చెప్పేవాళ్ల మాట వినవద్దు, చేతి జిడ్డు వెండి మీదకు ఎక్కుతుంది.

మే నెల ఎండల్లో ఏ టేపునైనా విమానం మీద రాత్రంతా వదిలేయకండి. వేడికి జిగురు కరిగి రంగు మీద మిగిలిపోతుంది. అలా మిగిలితే థిన్నర్‌తో రుద్దకుండా, కొత్త టేపు ముక్కతో అద్దుతూ పోతే చాలావరకు లేచి వస్తుంది.