షాంపేన్ కాక్‌టెయిల్: ఆ చక్కెర తీపి కోసం కాదు

హైదరాబాద్‌లో ఒక హోటల్ బార్‌లో పన్నెండేళ్లుగా పనిచేస్తున్నాను. పెళ్లిరోజనో ప్రమోషన్ వచ్చిందనో షాంపేన్ కాక్‌టెయిల్ అడిగేవాళ్లు చాలామంది వెంటనే "చక్కెర మాత్రం వద్దండీ, నాకు తీపి పడదు" అంటారు. చక్కెర తీసేస్తే ఈ డ్రింక్‌లో ఇక మిగిలేది ఏమీ ఉండదు. అందుకే ముందు దాని సంగతే చెప్తాను.

అపోహ: షుగర్ క్యూబ్ తీపి కోసం వేస్తారు.

వాస్తవం: ప్రధానంగా బుడగల కోసం. క్యూబ్ మీద అంగోస్టూరా బిట్టర్స్ (చుక్కల్లో వాడే ఘాటైన చేదు ద్రావకం) సీసాను రెండుసార్లు విదిలిస్తే అది తడిసి ఇటుక రంగుకు తిరుగుతుంది. దాన్ని పొడవుగా, సన్నగా ఉండే ఫ్లూట్ గ్లాసు అడుగున వేసి, బాగా చల్లబడ్డ షాంపేన్‌ను గ్లాసు వంచి మెల్లగా పోయాలి. వైన్‌లోని గ్యాస్ బుడగ కట్టాలంటే దానికి ఎక్కడో ఒక పట్టు దొరకాలి. నున్నటి గాజు మీద ఆ పట్టు పెద్దగా దొరకదు, చక్కెర రేణువుల సందుల్లో చిక్కుకున్న గాలి దగ్గర దొరుకుతుంది. అందుకే క్యూబ్ నుంచి సన్నటి దారాల్లా బుడగలు ఆగకుండా పైకి లేస్తాయి. చల్లటి వైన్‌లో చక్కెర చాలా నిదానంగా కరుగుతుంది కాబట్టి మొదటి గుక్కలో తీపి దాదాపు తెలియదు. గ్లాసు ఖాళీ అవుతున్నకొద్దీ లవంగం, దాల్చినచెక్క గుర్తొచ్చే ఘాటు, దాని వెనకే తీపి వస్తాయి. దయచేసి స్పూన్‌తో కలపొద్దు. కలిపితే గ్యాస్ పోతుంది, ఈ మార్పూ పోతుంది.

అపోహ: బ్రాందీ లేకపోతే అసలైన షాంపేన్ కాక్‌టెయిల్ కాదు.

వాస్తవం: 1862లో న్యూయార్క్‌లో జెర్రీ థామస్ అచ్చువేసిన పుస్తకంలో ఈ డ్రింక్ ఉంది. అర టీస్పూన్ చక్కెర, కాస్త బిట్టర్స్, నిమ్మ తొక్క, పగలగొట్టిన ఐస్, షాంపేన్, అంతే. బ్రాందీ ఊసే లేదు. బాగా షేక్ చేయమని కూడా రాశాడు, ఆ ఒక్క మాట మాత్రం మీరు పాటించకండి. అంతకుముందు 1806లోనే ఒక అమెరికన్ పత్రిక కాక్‌టెయిల్ అంటే మద్యం, చక్కెర, నీళ్లు, బిట్టర్స్ అని నిర్వచించింది. ఆ మద్యం స్థానంలోకి షాంపేన్ వచ్చింది. ఇప్పుడు అంతర్జాతీయ బార్‌టెండర్ల సంఘం కొలత 90 మి.లీ. షాంపేన్‌కు 10 మి.లీ. కాన్యాక్, అంటే ఒక రకం ఫ్రెంచ్ బ్రాందీ. అదీ బాగుంటుంది, కానీ నేను అడిగితేనే వేస్తాను. బిట్టర్స్ పరిమళం విడిగా తెలియాలన్నదే నా పట్టుదల.

ఆ బిట్టర్స్ మొదట బార్ కోసం పుట్టింది కాదు. జొహాన్ సీగర్ట్ అనే జర్మన్ డాక్టర్ 1824లో వెనిజులాలోని అంగోస్టూరా పట్టణంలో కడుపు మందుగా తయారుచేశాడు. ఊరి పేరే మందుకు నిలిచిపోయింది.

అపోహ: బిరడా ఠప్‌మని ఎగిరితేనే మజా.

వాస్తవం: సీసాలో 5, 6 అట్మాస్ఫియర్ల ప్రెషర్ ఉంటుంది, కారు టైరులో ఉండేదానికి రెట్టింపు పైనే. ఎగిరే బిరడా కంటికి తగిలితే చూపు పోవచ్చు. తీగ చుట్టును ఆరు సగం తిప్పులు తిప్పి వదులు చేయండి. బిరడాను గట్టిగా పట్టుకుని సీసాను తిప్పండి. 'ఉస్స్' మని చిన్న నిట్టూర్పు వస్తే సరిగ్గా తీసినట్టు.

అపోహ: బుడగలుంటే అదంతా షాంపేనే.

వాస్తవం: ఫ్రాన్స్‌లోని షాంపేన్ ప్రాంతంలో తయారైనదే షాంపేన్. నాసిక్‌లో కూడా సీసాలోనే రెండోసారి పులియబెట్టి మంచి స్పార్క్లింగ్ వైన్ చేస్తున్నారు. ఇంట్లో నేర్చుకోవడానికి అది చక్కగా సరిపోతుంది, తీపి తక్కువుండే 'బ్రూట్' రకం తీసుకోండి.

అపోహ: నిమ్మకాయ ఏదైనా ఒకటే.

వాస్తవం: మన కాగ్జీ నిమ్మ రసానికి సాటి లేదు, కానీ దాని తొక్క పల్చన, వాసనా వేరు. ఇక్కడ కావాల్సింది దళసరి తొక్క ఉండే పసుపు లెమన్. లోపలి తెలుపు రాకుండా వేలెడు చీలిక తీసి, గ్లాసు మీద మెలిపెట్టండి. దీపం వెలుగులో చూస్తే సన్నటి నూనె తుంపర బుడగల మీద పడటం కనిపిస్తుంది.