కలుపంతా పీకేయాలా?

చిన్నూ, బుజ్జీ,

బడి తోటలో టమాటాకు పురుగు పట్టింది, కలుపంతా పీకేస్తే పోతుందా అని అడిగారు. అంతా పీకక్కర్లేదు. ముందు అది ఏ కలుపో చూడాలి.

మీ ఫోటోలో ఆకుల మీద గీతలు సన్నగా, వంకర్లు తిరిగి ఉంటే పాముపొడ పురుగు అనేవాణ్ణి. ఇవి వెడల్పాటి మచ్చలు. కాయ తొడిమ దగ్గర సూదిబెజ్జాలు కూడా ఉన్నాయి కాబట్టి ఇది టూటా అనే చిన్న రెక్కల పురుగు పనే అనిపిస్తోంది. దాని పుట్టిల్లు దక్షిణ అమెరికా. 2006లో స్పెయిన్‌లో, 2014లో మహారాష్ట్రలో కనిపించింది. తర్వాత మన టమాటా రైతులకూ టెన్షన్ తెచ్చిపెట్టింది. ఒక్క ఆడ పురుగు 260 గుడ్ల దాకా పెట్టగలదు. గుడ్డులోంచి వచ్చిన పిల్ల పురుగు ఆకు రెండు పొరల మధ్య దూరి పచ్చదనమంతా తినేస్తుంది. పైన మందు కొట్టినా లోపలున్నదానికి సరిగా తగలదు.

మరి టమాటా లేని రోజుల్లో అది ఎక్కడ బతుకుతుంది? కామంచి, ఉమ్మెత్త టమాటాకు చుట్టాలు, ఒకే కుటుంబం. కామంచి పువ్వునీ టమాటా పువ్వునీ పక్కపక్కన పెట్టి చూడండి, రంగు తప్ప పోలిక దాదాపు ఒకటే. పంట అయిపోయాక టూటా వీటి మీద రోజులు గడిపి, కొత్త నారు నాటగానే దిగుతుంది. కాబట్టి ఈ రెండూ పీకాల్సిందే. కామంచి పండ్లంటే మీ అమ్మకు చిన్నప్పుడు ప్రాణం. మీరు మాత్రం పచ్చికాయలు నోట్లో పెట్టకండి.

వయ్యారిభామ టమాటాకు చుట్టం కాదు, అయినా ఉంచొద్దు. 2000లో అనంతపురం జిల్లాలో వైరస్ ఉన్న దాని పుప్పొడి తామర పురుగులనే చిన్న పురుగుల ఒంటికి అంటుకుని, వేరుశనగ చేలకు చేరింది. లక్షల ఎకరాల్లో పంట దెబ్బతింది.

ఇక ఉంచదగ్గవి. ట్రైకోగ్రామా అని అర మిల్లీమీటరు కందిరీగ ఉంది. అది టూటా గుడ్డులోనే తన గుడ్డు పెడుతుంది, ఇక ఆ గుడ్డులోంచి టూటా రాదు. పెద్దయ్యాక దానికి తేనె కావాలి, అందుకని గట్టు మీద చిన్న పూల మొక్కలు కొన్ని ఉండనివ్వండి.

నాకు మరీ ఇష్టమైంది మిరిడ్ నల్లి. వరిలో సుడిదోమను తినే నల్లి గురించి వినే ఉంటారు, ఇది దాని కుటుంబంలోదే. టూటా గుడ్లనీ తెల్లదోమనీ పీల్చేస్తుంది. స్పెయిన్ గ్రీన్‌హౌసుల్లో కావాలనే వదులుతారు. నువ్వు మొక్కల మీద బాగా పెరుగుతుంది, కాబట్టి గింజ పడి మొలిచిన నువ్వు కనిపిస్తే కలుపనుకోకండి. ఇదీ పూర్తిగా సాధువేం కాదు. తినడానికి పురుగు దొరక్కపోతే టమాటా కాడలనే పీలుస్తుంది, కాడ చుట్టూ గోధుమరంగు ఉంగరాలు పడతాయి. అలాంటివి ఎక్కువైతే నాకు రాయండి.

పీకిన కామంచిని తోట పక్కనే కుప్ప పోయకండి, అందులో పురుగులు బతికే ఉంటాయి. ప్లాస్టిక్ సంచిలో వేసి, మూతి గట్టిగా కట్టి, ఎండలో కొన్నాళ్లు ఉంచండి.

మీ తాతయ్య